కారు ప్రయాణంలో పసిబిడ్డ

(రేడియో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగపాఠం)



మన ఇళ్ళల్లో తొలికాన్పు పుట్టింట్లోనే కదండీ. మూడో నెలలోనో అయిదో నెలలోనో మంచిరోజు చూసుకుని, అమ్మాయికి సారె పెట్టి, చలిమిడి కలిపి, బిడ్డని ఎత్తించి అత్తవారింటికి పంపిస్తాం. మా అమ్మ నన్ను రైల్లో పంపింది. ఇవాళ చాలామంది కారులోనే పంపుతున్నారు. సొంత కారు లేకపోతే అద్దెకి మాట్లాడుకుంటున్నారు. ఆ కారెక్కే ముందు మనం చూసేవి ఏమిటి? వర్జ్యం చూస్తాం. ఎదురెవరొస్తున్నారో చూస్తాం. బిడ్డ బుగ్గన దిష్టిచుక్క ఉందా లేదా అని చూస్తాం. చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. అన్నీ అయ్యాక ఆ పసిగుడ్డుని పొత్తిళ్ళలో చుట్టి తల్లి ఒళ్ళోనో అమ్మమ్మ ఒళ్ళోనో పెట్టి, "జాగ్రత్తగా పట్టుకో" అని తలుపేస్తాం.

ఆ "జాగ్రత్తగా పట్టుకో" అన్న మాట గురించే ఇవాళ మీతో నాలుగు ముక్కలు చెప్పాలని వచ్చాను.

నేను పదో తరగతి దాకా చదువుకున్నదాన్ని. కార్ల గురించి, వాటి సీట్ల గురించి మాట్లాడడానికి నాకున్న అర్హత ఒక్కటే. మా మనవడి ఎడమ కనుబొమ్మ మీద ఒక మచ్చ ఉంది. ఆ మచ్చకి కారణం నేను.

మా అమ్మాయీ అల్లుడూ హైదరాబాదులో ఉంటారు. బిడ్డ పుట్టకముందే అల్లుడు పిల్లల సీటు ఒకటి కొని తెచ్చి కారులో వెనక సీటుకి బిగించాడు. దాన్ని చూసి మా అత్తగారు "ఇదేం చోద్యమే, ఒళ్ళో పడుకోవలసినవాణ్ణి కుర్చీకి కట్టేస్తారా?" అని బుగ్గలు నొక్కుకున్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. అల్లుడి ముందు అనలేక ఊరుకున్నాను.

పదకొండో నెలలో పుట్టువెంట్రుకలు తీయించడానికి అందరం మంగళగిరి వెళ్ళాం. తిరిగి విజయవాడ వస్తుంటే వాడు ఒకటే ఏడుపు. ఆకలో, నిద్రో, కొత్త గుండు చురచురలాడుతోందో తెలియదు. నేను పక్కనే కూర్చున్నాను. "తియ్యకమ్మా, కారు పక్కకి ఆపిస్తాను" అంటోంది మా అమ్మాయి. "ఎంత దూరమని? పన్నెండు పదమూడు కిలోమీటర్లు. నిన్ను నేను ఏ సీటులో పెట్టి పెంచానే?" అని బకిల్ విప్పి వాణ్ణి ఒళ్ళోకి తీసుకున్నాను. వాడు టక్కున ఏడుపు మానేశాడు. నాకు గర్వంగా కూడా ఉంది, దాచడమెందుకు.

తాడేపల్లి దాటి వారధి ఎక్కబోతుండగా స్కూటరు మీద ఒకాయన అడ్డంగా వచ్చాడు. అల్లుడు బ్రేకు వేశాడు. మా కారు దేన్నీ గుద్దలేదు. వేగం నలభై కూడా మించలేదు. నేను ముందుకి తూలాను. తూలగానే నా కుడిచెయ్యి నన్నడక్కుండానే వెళ్ళి ముందు సీటు పట్టుకుంది. అంటే బిడ్డని వదిలేసింది. ఆ క్షణంలో నా చెయ్యి నన్ను కాపాడింది గాని వాణ్ణి కాపాడలేదు. చూసేసరికి వాడు రెండు ముందు సీట్ల మధ్య, గేరు దగ్గర బోర్లా పడి ఉన్నాడు. నాలుగు కుట్లు పడ్డాయి.

"బ్రేకు కాబట్టి నాలుగు కుట్లతో పోయిందమ్మా, అదే గుద్ది ఉంటే..." అని డాక్టరుగారు మధ్యలోనే ఆపేశారు. మా అమ్మాయి నన్ను పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆ తరవాత నేను అల్లుణ్ణి కూర్చోబెట్టి అడిగాను, అసలు ఆ సీటు ఏం చేస్తుంది, ఒళ్ళో ఎందుకు పనికిరాదు, నాకు తెలిసేలా చెప్పు నాయనా అని. అతను కాగితం మీద లెక్క వేసి చూపించాడు. గంటకి 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేన్నయినా గుద్దుకుని ఆగిపోయిందనుకోండి. అందులో కట్టూ పట్టూ లేకుండా కూర్చున్న మనిషికి తగిలే దెబ్బ, సుమారు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు మీంచి కింద పడ్డదానితో సమానం. కారు ముందుభాగం నలిగి అరమీటరో ఇంకాస్తో దూరంలో ఆగిపోతుంది. అంత కొద్ది దూరంలో పది కిలోల బిడ్డని పట్టి ఆపాలంటే చేతులు మొయ్యాల్సిన బరువు ఒకటిన్నర క్వింటాలు పైమాటే. పాతిక కిలోల బియ్యం బస్తాలు ఆరు, ఒక్కసారిగా! ఏ తల్లి చేతులు ఆపగలవు చెప్పండి. ప్రేమ చాలకపోవడం కాదు, మనుషుల చేతులకి అంత బలం లేదు.

కొందరు తెలివిగా, తమ సీటుబెల్టునే బిడ్డని కూడా కలిపి పెట్టుకుంటారు. ఇది ఇంకా ప్రమాదం. మన బరువంతా వెనకనించి బిడ్డ మీద పడుతుంది. బెల్టుకీ మనకీ మధ్య ఆ పసిప్రాణం నలిగిపోతుంది.

ఇది కొత్తగా వచ్చిన ఫ్యాషనూ కాదు. ఇప్పుడు మనం భుజం మీంచి నడుము మీంచి పెట్టుకునే మూడు చోట్ల బిగిసే బెల్టుని 1959లో నీల్స్ బోలిన్ అనే స్వీడన్ ఇంజనీరు వోల్వో కార్ల కోసం తయారుచేశాడు. 1964లో అదే దేశంలో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆచార్యుడు వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటుకి నమూనా తయారుచేశాడు. రాకెట్టులో వెళ్ళే వ్యోమగాములని వీపు ఆనించి పడుకోబెట్టడం చూసి ఆయనకి ఆ ఆలోచన వచ్చిందట. అమెరికాలో టెనెసీ రాష్ట్రం 1978 నుంచి పిల్లల సీటుని చట్టం చేసింది. మనకి 2019లో వచ్చింది. మోటారు వాహనాల చట్టానికి ఆ యేడు చేసిన సవరణ ప్రకారం, పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలకి బెల్టుగాని పిల్లల సీటుగాని లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయలు జరిమానా. మనకి జరిమానా భయం ఉంటేనే గాని కదలబుద్ధి కాదు కాబట్టి చెబుతున్నాను.

సరే, కొనడం సంగతి. దుకాణానికి వెళితే రంగురంగుల సీట్లు, నాలుగైదు వేల నుంచి పాతిక ముప్ఫై వేల దాకా వరసగా పెట్టి ఉంటాయి. ధర చూసి మంచిచెడ్డలు తేల్చకండి. మెత్తగా ఉందని, బొమ్మలున్నాయని అస్సలు తేల్చకండి. సీటు మీద అంటించిన చీటీ చూడండి. యూరప్ నాణ్యత ఉన్నవాటికి నారింజరంగు చీటీ ఉంటుంది, దాని మీద సున్నా చుట్టిన ఇంగ్లీషు 'ఈ' అక్షరం, పక్కన ఒక అంకె ఉంటాయి. 'ఆర్ 44' అని ఉంటే పాత పద్ధతి, బిడ్డ బరువుని బట్టి. 'ఆర్ 129' అని ఉంటే కొత్త పద్ధతి, బిడ్డ పొడుగుని బట్టి. మన దేశపు ప్రమాణం 'ఏ.ఐ.ఎస్. 072'. ఇవేమీ లేకుండా ఉత్త గుడ్డసంచిలా ఉండి, పట్టీలు మాత్రం వేలాడుతుండేవాటిని చవగ్గా అమ్ముతున్నారు. వాటి జోలికి పోవద్దు.

బిడ్డ వయసుని బట్టి సీటు మారుతుంది. పుట్టిన దగ్గర్నించీ వెనక్కి తిరిగి ఉండే సీటు. అంటే బిడ్డ వీపు డ్రైవరు వైపు, ముఖం వెనక అద్దం వైపు. కారణమేమంటే, అప్పుడే పుట్టిన బిడ్డ పొడుగులో నాలుగోవంతు తలే ఉంటుంది. మెడ మాత్రం తామరతూడు. ముందుకి చూస్తూ కూర్చున్న పసివాడి ఒంటిని పట్టీలు ఆపినా తల ఆగదు, బరువంతా మెడ మీద పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మూడింటినీ సీటే దోసిట్లో పట్టినట్టు ఒక్కసారిగా ఆపుతుంది. కొత్త ప్రమాణం ప్రకారం బిడ్డకి పదిహేను నెలలు దాటేదాకా ముందుకి తిప్పకూడదు. అమెరికా శిశువైద్యుల అకాడమీ 2018లో ఇంకో అడుగు ముందుకి వేసి, ఆ సీటు మీద రాసిన బరువూ పొడుగూ దాటేవరకూ ఎన్నేళ్ళయినా వెనక్కే ఉంచమంది. స్వీడన్‌లో నాలుగేళ్ళదాకా ఉంచుతారు.

"కాళ్ళు ముడుచుకుపోవూ?" అని మా అత్తగారి ప్రశ్న. మీరూ అడుగుతారని తెలుసు. మన పిల్లలకి బాసింపట్టు వేసుక్కూర్చోవడం ఒకరు నేర్పాలా? మా మనవడు హాయిగా కాళ్ళు మడుచుకుని వెనక అద్దంలోంచి వచ్చే లారీలని లెక్కపెడుతుంటాడు.

ఆ తరవాత ముందుకి తిరిగి, అయిదు పట్టీలతో బిగించే సీటు. అది కూడా దాటాక, అంటే సుమారు నాలుగేళ్ళ తరవాత, ఎత్తుపీట. దీన్ని బూస్టరు అంటారు. కారు బెల్టు పెద్దవాళ్ళ కొలతకి చేసింది కదా, చిన్నపిల్లలకి అది మెడ మీదికీ పొట్ట మీదికీ వస్తుంది. ఎత్తుపీట మీద కూర్చుంటే భుజం మధ్యకీ తొడల పైకీ సర్దుకుంటుంది. పిల్లల పొడుగు సుమారు 145 సెంటీమీటర్లు దాటేదాకా ఇది అవసరమే. అంటే పదేళ్ళ పిల్లకి కూడా కావాలన్నమాట. పక్కింటి పిల్లలు నవ్వుతారని మానేస్తారు. ఏం చేస్తాం.

ఇంకొక మాట. మన ఇళ్ళల్లో ఉయ్యాల ఇంటింటికీ తిరుగుతుంది, తిరగాలి కూడా. ఈ సీటు అలా తిరగకూడదు. అది ఒకసారి ప్రమాదంలో ఉన్నదైతే పైకి కనపడకుండా లోపల బీటలు వారి ఉండవచ్చు. పిన్నిగారో వదినగారో ఇస్తే, దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తేనే తీసుకోండి. అమెరికా నుంచి మనవాళ్ళు పెట్టెల్లో తెస్తుంటారు, దానితోనూ ఒక చిక్కుంది. అక్కడి కార్ల బెల్టు చివరిదాకా లాగి వదిలితే బిగిసిపోయి కదలదు. మన కార్లలో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు. అక్కడ గట్టిగా నిలిచిన సీటు ఇక్కడ వదులుగా ఊగుతుంది. కొనేముందే మీ కారులో పెట్టి చూసుకోండి, పెట్టనివ్వని దుకాణంలో కొనకండి. చిన్న కార్లలో వెనక్కి తిరిగే సీటు పెడితే ముందు సీటు బాగా ముందుకి జరపాల్సి వస్తుంది. ఇంట్లో పొడుగు కాళ్ళవాళ్ళుంటే ముందే తెలుసుకోవడం మంచిది.

ఇక బిగించడం. అసలు కథంతా ఇక్కడే ఉంది. మంచి సీటు కొని వదులుగా బిగిస్తే, మంచి తాళం కొని తలుపు తీసిపెట్టినట్టే. మా అల్లుడు నాకు నేర్పిన పద్ధతి చెబుతాను.

చోటు ఎప్పుడూ వెనక సీటే. ముందు సీటు ఎదుట గాలిసంచి, అదే ఎయిర్‌బ్యాగు, దాగి ఉంటుంది. గుద్దుకున్నప్పుడు కన్ను మూసి తెరిచేలోగా అది పేలినట్టు విచ్చుకుంటుంది. పెద్దవాళ్ళని కాపాడే ఆ దెబ్బే, వెనక్కి తిరిగిన సీటు వీపు మీద పడితే బిడ్డ తలకి ప్రాణాంతకం. వెనకైనా, ఎడమవైపు పెట్టుకుంటే బిడ్డని దించేటప్పుడు మనం రోడ్డు మీదికి కాకుండా పక్కకి దిగుతాం.

ఈమధ్య వచ్చిన చాలా కార్లలో వెనక సీటు కూర్చునే దిండుకీ వీపు దిండుకీ మధ్య వేళ్ళు పెడితే రెండు ఇనపకమ్మీలు తగులుతాయి. దాన్నే ఐసోఫిక్స్ అంటారు. సీటుకున్న రెండు చేతులు ఆ కమ్మీలకి టక్కుమని పట్టుకుంటాయి, ఎర్రగా ఉన్న గుర్తు ఆకుపచ్చకి మారుతుంది. అంతటితో అయిపోయిందనుకుంటారు చాలామంది. కాదు. మూడో ఆధారం కూడా ఉండాలి. కొన్ని సీట్లకి కింద ఒక కాలు ఉంటుంది, అది కారు నేలకి గట్టిగా ఆనాలి. నేలలో సామాన్లు పెట్టుకునే అర ఉంటే దాని మూత మీద ఆనించకూడదు, మూత విరుగుతుంది. మరికొన్నిటికి పైనుంచి ఒక పట్టీ వస్తుంది. దాన్ని వెనక సీటు వీపు దగ్గర అందుకోసమే ఉన్న కొక్కేనికి తగిలించాలి. సంచులు తగిలించుకునే కొక్కేనికి తగిలించి ఊరుకున్నవాళ్ళని నేను చూశాను.

ఐసోఫిక్స్ లేని కారయితే సీటుబెల్టుతోనే కట్టాలి. వెనక్కి తిరిగే సీటుకి బెల్టు పోవలసిన దారి నీలంరంగుతో, ముందుకి తిరిగేదానికి ఎరుపుతో గుర్తులుంటాయి. ఆ దారిలోనే పోనివ్వాలి, మెలిక పడకూడదు. మోకాలు సీటులో ఆనించి మన బరువంతా వేసి, రెండోచేత్తో బెల్టు లాగి బిగించాలి. చీరకట్టుతో కాస్త ఇబ్బందే. చెంగు దోపుకుని కానియ్యండి. అయ్యాక, బెల్టు పోయినచోట సీటు పట్టుకుని అటూ ఇటూ గుంజండి. ఒక అంగుళం కంటే ఎక్కువ కదలకూడదు. పైభాగం పట్టుకుని ఊపి "ఊగుతోంది" అని బెంగపడకండి, పరీక్ష కిందే.

తరవాత వాలు. పసికందు తల గుండెల మీదికి వాలిపోతే ఊపిరి ఆడదు. అందుకని సీటు పక్కన ఉన్న గీత నేలకి సమంగా వచ్చేలా వాల్చాలి. పుట్టినబిడ్డకైతే దాదాపు సగానికి సగం వాలు. రెండు గంటలకోసారి కారాపి, బిడ్డని తీసి, పాలిచ్చి, కాసేపు చదునుగా పడుకోబెట్టండి. ఇంటికొచ్చాక నిద్రపోతున్నాడు కదా అని ఆ సీటులోనే వదిలెయ్యకండి.

ఇప్పుడు పొత్తిళ్ళ సంగతి. చుట్టిన బిడ్డని సీటులో పెడితే పట్టీ కాళ్ళ మధ్యనించి ఎలా వస్తుంది? అందుకని ముందు పల్చటి చొక్కాతో కూర్చోబెట్టి, పట్టీలు బిగించి, ఆ పైన గుడ్డ కప్పాలి. వెనక్కి తిరిగే సీటులో భుజం పట్టీలు బిడ్డ భుజాలకి సమంగానో కొంచెం కిందనించో రావాలి. ముందుకి తిరిగేదాంట్లో సమంగానో కొంచెం పైనించో రావాలి. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూడండి. మడత వేళ్ళకి దొరికిందా, ఇంకా వదులన్నమాట. పిల్లవాడు పెరుగుతుంటాడు కాబట్టి నెలకోసారి చూసుకోవాలి. జాకెట్టు కుట్లు విప్పుకోవడం మనకి తెలియని విద్యా?

మన ఎండల సంగతి మరిచిపోకండి. మేనెలలో మా ఊళ్ళో కారు గంటసేపు ఎండలో ఉంటే ఆ బకిల్ అట్లకాడలా కాలుతుంది. సీటు మీద తెల్ల తువ్వాలు కప్పి ఉంచి, ముందు మన చేత్తో తాకి చూశాకే బిడ్డని కూర్చోబెట్టాలి. "రెండు నిమిషాలే కదా" అని బిడ్డని ఆపిన కారులో వదిలి మందులకో కూరలకో వెళ్ళడం, నీడలో అయినా సరే, వద్దు.

సారె సామాన్లు కూడా. ఇత్తడి బిందె, లడ్ల డబ్బా, స్టీలు కారియరు వెనక అద్దం దగ్గర పేర్చుకుంటాం. కారు ఆగితే అవి ఆగవు. డిక్కీలో సర్దుకోండి, పట్టకపోతే ఇంకో ట్రిప్పు వెయ్యండి.

మరి ఏడిస్తే? ఇదేగా అసలు కష్టం. నేను తప్పు చేసిందీ ఇక్కడే. మాకు అనుభవమైన ఉపాయం ఏమిటంటే, కారులో బిగించే ముందు వారంరోజులు ఆ సీటు ఇంట్లో చాప మీద పెట్టాం. దాంట్లోనే కూర్చోబెట్టి ఉగ్గు పెట్టాం, ఆటలాడించాం. తరవాత వీధి చివరిదాకా, రైతుబజారు దాకా తిప్పాం. ఒక్కరోజు కూడా "పోనీలే" అనకూడదు. ఒకసారి ఏడిస్తే తీశామంటే, ఏడిస్తే తీస్తారని వాడికి తెలిసిపోతుంది. మరీ ఆగకపోతే కారు రోడ్డు పక్కకి ఆపి, అప్పుడు తియ్యాలి. మా అమ్మాయి ఆనాడు చెప్పింది అదే.

వాడికి కట్టి మనం ఊరుకోవడం కూడా కుదరదు. వెనక కూర్చున్నవాళ్ళకి బెల్టెందుకు అనుకుంటాం. 2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర జరిగిన ప్రమాదంలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ, ఆయన పక్కనున్న మిత్రుడూ వెనక సీట్లోనే పోయారు. వాళ్ళు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ముందు కూర్చున్న ఇద్దరూ బతికి బయటపడ్డారు. పైగా, బెల్టు లేని పెద్దమనిషి ఎగిరిపడేది ఎవరి మీద? ముందున్నవాళ్ళ మీదో, పక్కనున్న పసివాడి మీదో.

కారే లేనివాళ్ళకి ఇదంతా ఎందుకని ఒక అమ్మ కిందటిసారి ఉత్తరం రాశారు. న్యాయమే. స్కూటరు మీద తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళలోపు బిడ్డని తీసుకెళ్ళేటప్పుడు, నడిపేవారికి కలిపి కట్టే పట్టీ, బిడ్డకి హెల్మెట్టు ఉండాలనీ, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదనీ 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన వచ్చింది. దాని గురించి విడిగా ఒకసారి మాట్లాడుకుందాం.

వచ్చే శుక్రవారం మా తమ్ముడి కూతుర్ని, దాని మూడోనెల బిడ్డనీ రాజమండ్రి అత్తవారింటికి పంపుతున్నాం. మా మనవడి పాత సీటు అటక మీంచి దింపి, పట్టీలు తడిగుడ్డతో తుడిచి ఎండలో పెట్టాను. దాని పుట్టుపూర్వోత్తరాలు నాకు బాగా తెలుసు. ఆ రోజు ఆ సీటుకి ఏమీ కాలేదు. నిన్న సాయంత్రం కారులో బిగించి గుంజి చూశాను, అర అంగుళం కూడా కదల్లేదు. చలిమిడి గిన్నె డిక్కీలోకి మారింది. ముందు సీటు జరిపేసరికి తన మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగులుతున్నాయని మా తమ్ముడు గొణుగుతున్నాడు. బస్సులో వస్తాడట. రానివ్వండి.